తోడు వచ్చినవాళ్ల గది

ఈ ఊళ్లో నా అంత నికార్సయినవాడు ఇంకోడు లేడు. మందు సీసాకి మూత ఏ వైపు ఉంటుందో కూడా నాకు తెలియదు. తాగుడు మానేవాళ్ల మీటింగుకి వచ్చింది కూడా మా బావకి తోడుగానే.

గుమ్మం దగ్గర మీటింగు నడిపే వెల్డర్ అడిగాడు. "ఇద్దరిలో తాగేదెవరు?"

నేను బావని చూపించాను. బావ నన్ను చూపించాడు.

"మరి తోడొచ్చిందెవరు?"

ఇద్దరం చెయ్యెత్తాం.

ఆయన నవ్వలేదు. "తోడొచ్చినవాళ్లు పక్క గదిలో కూర్చోవాలి."

బతికాంరా దేవుడా అని ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లాం. అక్కడ ఆడవాళ్ల మధ్య మా అక్క కూర్చుని ఉంది. కుట్టు క్లాసని చెప్పి ప్రతి ఆదివారం వచ్చేది ఇక్కడికన్నమాట.

బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వెప్పట్నించి వస్తున్నావే?"

"వానాకాలం నించి. ఎప్పటికైనా మీరొస్తారేమోనని."

"వచ్చాంగా అక్కా!" అన్నాను హుషారుగా. "బావ చేత మాన్పించే పూచీ నాది."

అక్క నా కాలరు పట్టి దగ్గరికి లాగి వాసన చూసింది. అరవలేదు. అక్క అరవకపోవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

"మా తమ్ముడొక్కడైనా బాగున్నాడని వీళ్లందరికీ చెప్పుకున్నాన్రా."

"ఇద్దరమూ తాగుతామక్కా," అన్నాను. "ఇక్కడికి కూడా తాగే వచ్చాం."