రాజీ విందు

"ఒక్క ముక్క తినన్నా," అంటూ ఓబులేసు నా విస్తరి ముందు కూర్చున్నాడు.

రాయచోటి పెద్దమనుషులు మా ఊరి రెండు వర్గాలకూ రాజీ చేసిన రోజు అది. ఇరువైపుల వాళ్ళూ ఒకే పొట్టేలు కూర తినాలి. తిన్నవాడు ఎదుటివాడి మీద చెయ్యెత్తకూడదు. మా ప్రాంతపు కట్టుబాటది.

నేను మాంసం మానేసి ఏళ్ళయింది. పాలు, నెయ్యి కూడా ముట్టను. ప్రతి పెళ్ళి పంక్తిలోనూ ఓబులేసు అరిచేవాడు: "పుస్తకాలు చదివి మా అన్న మేకైపోయినాడప్పా, ఇంత గడ్డెయ్యండి!" వాడి స్నేహితులంతా పగలబడి నవ్వేవాళ్ళు.

ఈరోజు వాడు నవ్వడం లేదు.

"పోనీ, ఉత్త పులుసన్నా నాలిక్కి తగిలించన్నా. అందరూ చూస్తాండారు."

"ఏమప్పా, మేక యాడన్నా మాంసం తింటాదా?" అన్నాను.

వాడు ముక్కను నా విస్తరి అంచున పెట్టాడు.

నేను మాంసం మానింది పుస్తకాలు చదివి కాదు. నా కొడుకును గోనెసంచిలో ఇంటికి తెచ్చిన రోజు మానాను. ఆ సంగతి ఓబులేసుకు బాగా తెలుసు. నరికింది వాడే.

ఉత్త సంగటి, చెనిక్కాయల చట్నీ నిదానంగా తిని చెయ్యి కడుక్కున్నాను.

"లెయ్యి ఓబులేసూ, నీ సుమోలో నేనూ వస్తా. ఇంటిదాకా తోడుంటా," అన్నాను.