కళ్లు మూసుకున్న రాజు

పుంగనూరు భజన మందిరం గోడమీద దశరథుడి వేట బొమ్మకు నారప్ప రంగులు దిద్దేసరికి చీకటి పడింది.

"రాజుకు కండ్లు యాల మూసినావు మామా? నిద్దరలో యాటాడతాండాడా?" అంది భార్య రెడ్డెమ్మ.

"శబ్దం విని కొట్టేవానికి కండ్లతో ఏం పని? పాపమంతా చెవులదే. కుండ ముంచిన సప్పుడుకి ఏనుగనుకొని పిల్లోన్ని కొట్టినాడు."

"ఆ చెవులు నీకుంటే నా సంసారం బాగుపడేది!" అంటూ ఆమె నీళ్లకోసం బిందెతో పెరట్లోకి వెళ్లింది.

గోడలో వింటినారి కిర్రుమంది. బొమ్మలోని నదివైపు గీసిన రాజు తల, ఇప్పుడు పెరటివైపు తిరిగి ఉంది.

బయట బిందె బుడబుడమంది. బాణం కొన అటే కదిలింది.

ఆమెను ఆపాలంటే అరవాలి. అరుపూ శబ్దమే.

"రెడ్డెమ్మా!" నారప్ప గొంతు చించుకుని అరిచాడు.

రాజు, కళ్లు తెరవకుండానే, ఇటు తిరిగాడు.