దిండు కింది బ్యాడ్జి

కౌంటరు మీద వెల్డరు బ్యాడ్జి ఒక్కటే మిగిలింది.

అతనికి కాలు నిలవడం లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, గోడ మీది గడియారం చూస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

ఒంటిగంట దాటింది.

ప్రమాదం జరిగిన అణు విద్యుత్ కేంద్రంలో పాడైన పైపులు కోసి బయటపడేసే పని అతనిది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో జేబుకున్న బ్యాడ్జి చెబుతుంది. హద్దు దాటితే ఏడాది పాటు లోపలికి రానివ్వరు.

హద్దుకి అతను బెత్తెడు దూరంలో ఉన్నాడు.

అందుకే మహానుభావుడు పదిరోజులుగా బ్యాడ్జిని ఇంట్లో వదిలేసి పనికొస్తున్నాడు. గేటువాడికి చూపించడానికి పాడైపోయిన పాతదొకటి ఉంది. అసలుది పెళ్ళాం కంటపడితే ఇల్లు పీకి పందిరేస్తుందని, నాలుగేళ్ళ కూతురి దిండు కింద దాచాడు. ఇవాళ లెక్క చూసే రోజని తీసుకొచ్చి కౌంటర్లో ఇచ్చాడు.

బ్యాడ్జి సున్నా చూపిస్తుంది, ఉద్యోగం నిలబడుతుంది. ఎంత తెలివో!

బ్యాడ్జీలు చూసే అమ్మాయి అందరినీ అడిగే ప్రశ్నే అతన్నీ అడిగింది. "లోపల వేసుకున్న టోపీ చెత్తడబ్బాలో పడేశావా అన్నా?"

"పడేశానమ్మా."

ఆమె కంప్యూటర్‌లోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"రాత్రిళ్ళు కూడా డ్యూటీ చేస్తున్నావా?"

"రాత్రిళ్ళా? భలేదానివే. పగలు చేసేదానికే నడుం పడిపోతోంది."

"పగలు చాలా గంటలు ఏమీ లేదు. సున్నా."

హమ్మయ్య అనుకున్నాడు. "చూశావా మరి! నేను చాలా జాగ్రత్త."

"రాత్రి తొమ్మిదికి ఎక్కడం మొదలవుతోంది. పొద్దున ఆరింటిదాకా ఎక్కుతూనే ఉంది. రోజూ ఇంతే."

బ్యాడ్జి గంటగంటకీ విడిగా రాసుకుంటుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"మిషను పాడైందేమో."

"మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడుదాకా మళ్ళీ ఎక్కుతోంది." ఆమె తల తిప్పి అతని మొహంలోకి చూసింది. "దీన్ని ఎక్కడ పెట్టావన్నా?"

నవ్వబోయి, గడియారం వైపు చూశాడు.

తొమ్మిదింటికి పాప పడుకుంటుంది. మధ్యాహ్నం తిన్నాక ఒంటిగంటకి మళ్ళీ పడుకుంటుంది.

దిండు కింద బ్యాడ్జి. దిండు మీద పాప తల. తలకి నీలం ఉన్ని టోపీ.

ముసుగు లోపల వేసుకోమని కంపెనీ ఇచ్చిన టోపీ అది. రేడియేషన్ దుమ్ము అంటి ఉంటుందని, పని అయ్యాక అక్కడే పారెయ్యమంటారు. మెత్తగా, వెచ్చగా ఉంది. పాపకేమో చెవిపోటు. పారెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. గేటు దగ్గర చేతులూ కాళ్ళూ మిషను పెట్టి చూస్తారు గానీ, టిఫిన్ డబ్బాలోకి ఎవడు తొంగిచూస్తాడు?

ఇంటికి తెచ్చి రెండుసార్లు ఉతికాడు కూడా, పిచ్చి తండ్రి.

ఫోను తీశాడు. కంగారులో వేరే నంబరు నొక్కాడు. కట్ చేసి మళ్ళీ నొక్కాడు.

"మెల్లగా మాట్లాడయ్యా," అంది పెళ్ళాం. "ఇప్పుడే పడుకుంది."

"టోపీ తియ్యి."

"ఇప్పుడా? చెవుల దాకా లాక్కుని హాయిగా నిద్రపోతోంది."

"తియ్యవే! ముందు తియ్యి!"

"ఏంటయ్యా ఆ అరుపు? అదిగో, లేచింది. ఇలా ఇవ్వమ్మా, మీ నాన్న టోపీ తియ్యమంటున్నాడు."

ఫోనులో నిద్రమత్తు గొంతు వినిపించింది.

"ఇవ్వను. నాన్న నాకోసం తెచ్చాడు."