తొమ్మిదో కెమెరా ముందు మనిషి

"మళ్ళీ వాడేనమ్మా!" రొట్టెల బట్టీ నడిపే దోన్ రెనాతో అనే ఆయన ఫోనులో గావుకేక పెట్టాడు.

యస్నా ఫోను చెవికి దూరంగా పట్టుకుంది.

"బట్టీలో రెండొందల రొట్టెలు బొగ్గయిపోయాయి. సైరన్ మోగింది కదా అని పరుగెత్తుకెళ్తే మంటా లేదు, మసీ లేదు. అదే ముసలాడు, అవే పిచ్చి గంతులు! ఇది ఆరోసారి."

చిలీ దేశంలోని వల్పరాయిసో కొండల మీద మంటలార్పేవాళ్ళకు జీతాలుండవు. రొట్టెలు కాల్చేవాడు, పళ్ళ డాక్టరు, బడి పంతులు, ఎవరైనా సరే, సైరన్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగు తీయాల్సిందే. వాళ్ళ దళానికి దోన్ రెనాతో నాయకుడు.

ఆ సైరన్ మోగించేది ఇప్పుడు ఆల్బా. ఆల్బా మనిషి కాదు. యస్నా, ఆమెతో పనిచేసే నికానోర్ రెండేళ్ళు తిండీ నిద్రా మానుకుని తయారుచేసిన కృత్రిమ మేధ. పన్నెండు కెమెరాలతో కొండలన్నీ చూస్తుంది. పొగా, పొగమంచా అని ఆలోచిస్తుంది. మైకులో జనంతో మాట్లాడుతుంది. ప్రమాదమనుకుంటే ఎవరినీ అడక్కుండా సైరన్ మోగిస్తుంది.

"ఇంకొక్క ఉత్తుత్తి సైరన్ మోగిందంటే నీ ఆల్బాని పీకించి సముద్రంలో పారేయిస్తా. మావాళ్ళు సైరన్‌ని నమ్మడం మానేస్తున్నారమ్మాయ్. రేపు నిజంగా అంటుకుంటే ఎవడొస్తాడు?"

యస్నా ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది.

తొమ్మిదో కెమెరా వీడియోలు తెరిచింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక ముసలాయన వచ్చి స్తంభం ముందు నిలబడుతున్నాడు. రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నాడు. గుండెల మీద కొట్టుకుంటున్నాడు. వేళ్ళు ఆడిస్తున్నాడు. కెమెరా ఆ చేతుల వెంటే కన్ను తిప్పుతోంది.

"అయ్యా, మీకేమైనా సాయం కావాలా?" ఆల్బా మర్యాదగానే అడిగింది.

జవాబు లేదు. చేతులు ఇంకా జోరుగా ఊపాడు.

"అయ్యా, దగ్గర్లో మంటేమైనా ఉందా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చేతులూపుతున్నాడు, పిలిస్తే పలకడం లేదు, కాబట్టి ఆపదలో ఉన్నాడు. ఆల్బా ఆలోచన అది. చేతులు మరీ జోరుగా ఊపిన రోజుల్లో సైరన్ మోగించేసింది. పాపం, అందులో తప్పేముంది?

"తాగుబోతు వెధవ," అన్నాడు నికానోర్. "వాణ్ణి పట్టించుకోవద్దని నేర్పేద్దాం."

"మనిషిని పట్టించుకోవద్దని నేర్పుతామా?"

"గాలిపటాల్ని పట్టించుకోవద్దని నేర్పలేదూ? తీగల మీద ఆరేసిన దుప్పట్లని? ఇదీ అంతే."

యస్నా కాసేపు తటపటాయించింది. తర్వాత ఇరవై మూడు రోజుల వీడియోల్లోనూ ముసలాయన చుట్టూ గీత గీసి, కింద ఒకే మాట రాసింది: పట్టించుకోనక్కర్లేదు.

ఆల్బా తెలివైన పిల్ల. ఒక్క పూటలో నేర్చేసుకుంది.

మర్నాడు నాలుగింటికి ముసలాయన వచ్చాడు. కెమెరా అతని వైపు తిరగలేదు. సైరన్ మోగలేదు. దోన్ రెనాతో సంతోషం పట్టలేక ఆఫీసుకి వేడివేడి రొట్టెలు పంపించాడు.

ఆ మర్నాడు, శుక్రవారం, గాలి లేచింది. తొమ్మిదో కెమెరా స్తంభానికి వెనకనున్న లోయ అంటుకుంది. కెమెరా కన్ను ముందువైపే తిరుగుతుంది, వెనక్కి తిరగదు. పొగ కూడా గాలికి అటు నుంచి అటే పోయింది.

పద్నాలుగు ఇళ్ళు బూడిదయ్యాయి. ఒక్కడు తప్ప అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

"ఆ ముసలాడే," అన్నాడు దోన్ రెనాతో. ఈసారి అరవలేదు. మసి మొహంతోనే వచ్చి ఆఫీసులో కూలబడ్డాడు. "కర్రతో తలుపు తలుపూ బాది అందర్నీ బయటికి తరిమాడట. ఆఖరింట్లోంచి ఒక ముసలమ్మని మోసుకొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళాడు. ఇంకెవరూ లేరు, రా, రా అని గొంతు చించుకున్నాం. వినలేదు."

"ఎందుకని?"

"చెవిటివాడటమ్మా. మూగ కూడా. పేరు బౌదిలియో అట. కొండమీదికి ఈమధ్యే వచ్చాడట."

 యస్నా శుక్రవారం వీడియో తెరిచింది.

నాలుగూ పది. ముసలాయన కెమెరా ముందు చేతులూపుతున్నాడు. కింద ఆల్బా రాసుకున్న మాట: పట్టించుకోనక్కర్లేదు.

నాలుగూ పదిహేను. పట్టించుకోనక్కర్లేదు.

నాలుగూ ఇరవై ఒకటి. పట్టించుకోనక్కర్లేదు.

పదకొండు నిమిషాలు. ఆ తర్వాతే అతను కర్ర అందుకుని ఇళ్ళవైపు పరుగెత్తాడు.

నికానోర్ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు చెవిటి పిల్లల బడి పంతులమ్మ ఇర్మాని పిలిపించారు. ఆమె మొదటి వీడియో చూస్తూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గంతులన్నారా వీటిని? మాట్లాడుతున్నాడండీ ఈయన!"

"ఏమని?"

"'నీ వెనక లోయలో కరెంటు తీగ కొమ్మకి రాసుకుంటోంది. గాలొస్తే నిప్పురవ్వలు రాలుతున్నాయి. వెనక్కి తిరిగి చూడు.' ప్రతి రోజూ ఇదే మాట."

"మాకు రాసి చూపించొచ్చుగా?" అంది యస్నా, ఏడుపు ఆపుకుంటూ.

"ఆయన వయసు చెవిటివాళ్ళకి బడెక్కడిదమ్మా? రాతెలా వస్తుంది? పోనీ, ఎవరి చెయ్యీ పట్టుకుని లాగలేదా?"

దోన్ రెనాతో తల దించుకున్నాడు.

"లాగాడు. నన్నే, రెండుసార్లు. విదిలించుకున్నాను."



"మీ కెమెరా ఒక్కటే ఆయన చేతుల వెంట కన్ను తిప్పింది. వింటోందనుకున్నాడు పాపం," అంది ఇర్మా.

"అది తిరగడం మానేసిన రోజు... గురువారం... ఏమన్నాడు?" యస్నా అడిగింది.

ఇర్మా ఆ వీడియో పెట్టించుకుంది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ముసలాయన చేతులు చెప్పిన మాటల్ని నెమ్మదిగా పలికింది.

"'అలిసిపోయావా, తమ్ముడూ? ఫరవాలేదు, నువ్వు ముందువైపు చూసుకో, నీ వెనకవైపు కాపలా నేను కాస్తాలే.'"