లచ్చి తండ్రి

తెల్లారేసరికి గుమ్మంలో ఎవరో ముసలాయన. చేతిలో కాటా.

"అమ్మా, మీ ఆవుపాలు ఓపాలి తూచుకుంటాను."

రాయపూర్ రైల్వే కాలనీలో వరహాలమ్మను ఇలాంటి మాట అడిగినవాడు ఇంతవరకూ లేడు.

"కొంతావేటి?"

"కాదమ్మా. తూచి మీ పాలు మీకిచ్చేస్తాను. మీ లచ్చి తండ్రి మా పశువుల ఫారం ఆబోతే కదా! కూతుళ్ల పాలు చూస్తేగానీ తండ్రి గొప్ప తెలీదు."

వరహాలమ్మ బుర్ర తిరిగిపోయింది. పాలిచ్చేది ఆవు. గడ్డి వేసేది తను. మధ్యలో ఈ ఆబోతు గొప్పేమిటి?

"రేపు రా బాబూ" అని పంపేసింది.

"టాక్సు ఏస్తారు కాబోలు" అంది పక్కింటి రమణమ్మ.

"ఆవునే తోలుకుపోతారేమో" అన్నాడు భర్త సూర్యారావు.

ఏది నమ్మాలో తెలియలేదు. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుందన్నది మాత్రం అత్తగారు నేర్పిన మాట. పూటకు ఐదు సేర్లిచ్చే పొదుగు పరాయివాడికి చూపిస్తారా ఎవరైనా?

మర్నాడు ఆయన రాకముందే ముప్పాతిక పాలు పిండి లోపల దాచేసింది. ఆయన ముందు పిండితే చెంబు అడుగు దాటలేదు.

ముసలాయన ముఖం వాడిపోయింది.

"ముందే పితికేశారా తల్లీ? నిజం చెప్పండి."

"లచ్చి మీద ఒట్టు, లేదు!"

ఇంకో రెండు పూటలు వచ్చాడు. అదే చెంబడుగు. లచ్చి గంగడోలు నిమిరి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తన ఆవు పాలివ్వకపోతే ఈయనకెందుకు ఏడుపు? వరహాలమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు.

రెండు నెలలకు, కొట్టంలోనే ఉన్న లచ్చి తల్లి ఎదకొచ్చింది. అది ఏనాడూ పూటకు సేరు దాటి ఇచ్చిన ఆవు కాదు. దాని కడుపున మరో లచ్చి పుట్టాలని వరహాలమ్మ ఆశ. అభన్‌పూర్ దారిలో ఉన్న ఫారానికి తోలుకెళ్లింది.

"లచ్చిని పుట్టించిన ఆబోతే కావాలండి."

"దాన్ని తీసేశారమ్మా" అన్నాడు అక్కడి కాంపౌండరు. "కూతుళ్లకి పాల్లేవు. ఏ ఇంట చూసినా చెంబడుగే."

వరహాలమ్మకు అర్థమైంది. ప్రతి ఇంట్లోనూ ఓ అత్తగారు ఉండే ఉంటుంది.

"ఐదు సేర్లండీ! మా లచ్చి ఐదు సేర్లు! పాపిష్టిదాన్ని, దాచేశాను. ఆ తూచిన ఆఫీసరుగారేరి? కాళ్లట్టుకుంటాను, మళ్లీ తూస్తారు."

"ఆఫీసరేటమ్మా! ఆ ముసలోడి పేరు పరదేశి, ఆ ఆబోతుని మేపినోడు. తల్లి చచ్చిన దూడకి సీసాతో పాలు పట్టి పెంచాడు. తీసేస్తామంటే, కూతుళ్ల పాలు చూపిస్తానని సాబుల దగ్గర నెల గడువు అడుక్కున్నాడు. ఆ గడువు కాస్తా తీరిపోయి ఆబోతుని తోలేసిన రోజున, దాని ఎనకాలే తనూ నడిచెళ్లిపోయాడు."