కదలకూడని నాలుక

“పిన్నిగారూ, మళ్ళీ మాట్లాడారు.”

“అయ్యో, లేదు తల్లీ. నాలుక కదపొద్దన్నావుగా, అలాగేనన్నాను. అంతే.”

స్కానింగ్ గది అద్దానికి ఇవతల టెక్నీషియన్ మైకు ఆపి నుదురు కొట్టుకుంది. ‘అలాగే’ అన్నా కదిలేది నాలుకే. ఆ సంగతి ఈవిడకి బోధపడేలా చెప్పేసరికి పొద్దు గూకేలా ఉంది.

ఈ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి టెక్నీషియన్‌కి ఇది రెండో వారం. పొద్దున పెద్ద డాక్టరు కాగితం చేతికిచ్చి మరీ చెప్పాడు. “నాలుక కండ మందం కొలవాలి. పోయినేడాది కంటే తగ్గిందంటే ఆవిడ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే. బొమ్మ చెదరకూడదు, జాగ్రత్త.”

చెదరకుండా ఉండాలంటే ఆవిడ నోరు మూతపడాలి కదా. గదిలో అడుగు పెట్టింది మొదలు వసపిట్టలా ఒకటే వాగుడు. చెవిపోగులు తీస్తూ ఓ కబురు, పళ్ళ సెట్టు డబ్బాలో పెడుతూ ఓ కబురు. సెట్టు తీసేశాక ‘ర’ సరిగ్గా పలకడం లేదు. అయినా ఆగితేగా. మణికట్టు దాకా చేతులున్న నూలు జాకెట్టు మారుస్తారా అంటే, “గుండీలు కూడా గుడ్డవే తల్లీ, ఇనుము ముక్క లేదు, ఉండనీ,” అంది. మధ్యమధ్య ఎడమ ముంజేతిని పసిపిల్లను జోకొట్టినట్టు తట్టుకుంటోంది. భయం కాబోలనుకుంది టెక్నీషియన్.

“ఈసారి నేనేం చెప్పినా బదులు చెప్పకండి. మింగకండి కూడా. నాలుగే నిమిషాలు.”

ఈసారి బదులు రాలేదు. మిషను దడదడలాడి ఆగింది. తెరమీద చూస్తే నాలుకలో ఎడమ సగం తెల్లగా వెలిగిపోతోంది, కుడి సగం మామూలుగా ఉంది. ఈవిడ వాగుడుకే చెదిరిందనుకుని ఇంకోసారి తీసింది. మళ్ళీ అదే తెలుపు.

ఇక ఉండబట్టలేక బయటికి వచ్చింది. బెంచీ మీద ఆవిడ భర్త చెప్పులు విప్పి, పళ్ళ సెట్టు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“బాబాయిగారూ, మీరైనా చెప్పండి. ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.”

“ఏం మాట్లాడింది?” అన్నాడాయన ఆత్రంగా.

“ఏముంది? మీకు చారు పెట్టడం రాదని. మీ చెల్లెలు పిసినారి అని.”

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. “నీకు పుణ్యముంటుందమ్మా, కసురుకోకు. మాట్లాడనీ.”

ఇంతటి ఓర్పు ఏ మొగుడిలోనూ చూడలేదు టెక్నీషియన్. పాపం, అలవాటైపోయి ఉంటుందనుకుని లోపలికి వెళ్ళింది.

అప్పటికే పెద్ద డాక్టరు తెర ముందు కూర్చుని కొలతలు తీస్తున్నాడు.

“సారీ సర్. రెండుసార్లు తీసినా ఎడమవైపు చెదిరిపోయింది.”

“చెదరలేదు. అది అలాగే ఉండాలి,” అని ఆయన పాత స్కాను పక్కన పెట్టుకుని చూశాడు. “తొమ్మిది మిల్లీమీటర్లు. పోయినేడాదీ అంతే. వెళ్ళి చెప్పు, ఆపరేషన్ అక్కర్లేదని.”

ఆ మాట వినగానే ఆవిడ బల్ల మీద లేచి కూర్చుని టెక్నీషియన్ రెండు చేతులూ పట్టుకుంది. “నీ నోట చల్లని మాట విన్నాను తల్లీ. నీ కడుపు చల్లగుండ. నిన్ను చాలా విసిగించాను కదూ?”

“లేదు పిన్నిగారూ,” అంది టెక్నీషియన్. తను చిరాకుపడినందుకు సిగ్గేసింది. ఆవిడని దించబోతుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద అరచేయంత మేర కండ లేదు. గుంటపడి, పలచని చర్మం మెరుస్తోంది.

“అయ్యో, ఎప్పుడు కాలింది?”

ఆవిడ నాలుక బయటపెట్టి చూపించింది. కుడి సగం ఎర్రగా ఉంది, ఎడమ సగం అచ్చం ఆ చేతి రంగులో ఉంది.

“కాలలేదు తల్లీ, జబ్బుకి సగం నాలుక తీసేస్తే ఇక్కడిది కోసి అతికించారు. ఆ కండే ఇప్పుడు నీతో మాట్లాడుతోంది.”