ఖాళీగా వదిలేసిన గడులు

“మా వంశంలో గుండెజబ్బా! ఆ మాట ఇంకోసారి అనకండి వదినగారూ!” నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. “మా అమ్మ తొంభై ఏళ్ళప్పుడు కూడా మేడెక్కి బట్టలారేసేది.”

“మా వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? అందరివీ ఉక్కు గుండెలే,” అంది అమ్మమ్మ.

పాప తల్లికి ఈ గొడవ చెవికెక్కడం లేదు. ఆమె కళ్ళన్నీ డాక్టరమ్మ చేతిలోని కవరు మీదే ఉన్నాయి. రెండేళ్ళ పాప గుండె చప్పుడులో ఏదో తేడా ఉందని, నెల కిందట జీన్ల పరీక్షకని ఇంటిల్లిపాది చేతా గొట్టాల్లో ఉమ్మించారు. వంశవృక్షం కాగితాలిచ్చి, గుండెజబ్బున్న వాళ్ళ గడులు నల్లగా నింపమన్నారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒక్క గడి కూడా నల్లబడనివ్వలేదు. తన భర్త, అంటే తాతయ్య తరఫు గడుల్ని అమ్మమ్మ అసలు ముట్టుకోనేలేదు. “ఆయన్ని కదిపి చెప్పించేసరికి తెల్లారుతుంది, వదిలెయ్యండి,” అనేసింది. ఆ తాతయ్య ఇప్పుడు ఓ మూల కాగితం టోపీ పెట్టుకుని పాపను ఆడిస్తున్నాడు.

డాక్టరమ్మ కవరు చింపింది.

“భయం లేదమ్మా. పాపకి ఒక చెడ్డ జీన్ వచ్చింది. అది తయారుచేసే ప్రోటీన్‌కి గుండె కండరంలో పట్టు చాలదు, జారిపోతుంది. కానీ ఇంకో మంచి జీన్ కూడా వచ్చింది. దాని ప్రోటీన్ వెళ్ళి మొదటిదాని రెక్క పుచ్చుకుని నిలబెడుతోంది. ఏడాదికోసారి తీసుకొచ్చి చూపించండి, చాలు. హాయిగా గెంతనివ్వండి.”

తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పాపను ఎత్తుకుని గదిలోనే గిర్రున తిరిగింది.

“తమాషా ఏమిటంటే, పాపకి ఆ రెండు జీన్లూ ఒక్కరి నుంచే వచ్చాయి. కాపాడే మంచిది ఇచ్చినవాళ్ళే చెడ్డదీ ఇచ్చారు,” అంది డాక్టరమ్మ.

“మా అన్నయ్య అన్నం తింటూ తింటూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు!” నాయనమ్మ గభాలున అంది.

“మెట్ల మీంచి జారిపడ్డాడన్నారుగా?”

“పరువు పోతుందని అలా చెప్పుకున్నాం వదినగారూ!”

“అలాగైతే మా మేనత్తలు ముగ్గురూ గుండెజబ్బుతోనే పోయారు!” అమ్మమ్మ పెన్ను లాక్కుంది. “రాసుకోండి డాక్టరుగారూ, మా బాబాయి కూడా!”

“ఆయనా పోయారా?”

“లేదు, బతికే ఉన్నాడు. కానీ ఒకటే దడ!”

ఇద్దరూ పోటీలు పడి తమ తమ వాళ్ళ గడులన్నీ నల్లగా నింపేశారు. పాప తల్లి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

డాక్టరమ్మ రెండు కాగితాలూ జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది.

“ఇంత నిజం నాకు ఏ కుటుంబమూ చెప్పలేదు. ఈ నల్లగడుల్లో ఉన్నవాళ్ళ పిల్లలందర్నీ పరీక్షకి పంపించండి,” అని, పెన్ను తీసుకుని మూలకి తిరిగింది. “తాతగారూ, ఆ రెండు జీన్లూ మీవే. ఆ టోపీ తీసి ఇలా రండి, ఖాళీగా ఉన్నవి మీ గడులే!”